గాజు కంటికి బొట్టు

అక్టోబర్ 1, బుధవారం. ఆయుధ పూజ

కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా ఈరోజు రాయకపోతే ఎలా. ఏడాదికి ఒక్కరోజే గని గేటు మా ఆడవాళ్ళకు తెరుస్తారు. మిగతా రోజుల్లో ఆ దరిదాపుల్లో నిలబడినా "ఏం పనమ్మా?" అంటాడు గేటు మనిషి. ఈరోజు మాత్రం అదే మనిషి చేతులు కట్టుకుని నవ్వాడు. అరటి పిలకలు, బంతిపూల దండలు, పసుపు కుంకుమ పళ్ళేలు – పెళ్ళివారిలా లోపలికి నడిచాం.

ఆయన నడిపే డంపరు మా ఇంటికంటే ఎత్తు. నిచ్చెన వేసుకుని ఎక్కాను. దీపాలకు, అద్దాలకు, స్టీరింగుకు, టైర్లకు... బొట్టు పెట్టని చోటు లేదు. కింద నిచ్చెన పట్టుకున్నది ఎర్రిస్వామి. బండి వెనక్కి వచ్చేటప్పుడు ఈల వేసి, చెయ్యి చూపి దారి చెప్పే పని అతనిది. మా ఆయనా అతనూ ఒకే బండి మీద ఏళ్ళ తరబడి జోడెద్దులు. ఇంటికొచ్చినా పక్క గుమ్మమే.

బండి వెనకాల పైన ఒక చిన్న గాజు గుండు. కెమెరా అట. లోపల డ్రైవరు ముందున్న టీవీలో వెనకంతా కనబడుతుందట.

"వదినా, ఆ కన్నుక్కూడా పెట్టు. అన్నిటికీ పెట్టి దాన్నొక్కదాన్ని ఇడిస్తే అలుగుతాది" అన్నాడు ఎర్రిస్వామి కిందినుంచి.

పసుపు దట్టంగా పులిమి, మధ్యలో కుంకుమ. చక్కగా కుదిరింది. దిగి చూస్తే నిండు ముత్తైదువలా ఉంది బండి.

ఎర్రిస్వామి భార్య హంపమ్మ ఊరుకుంటుందా – "మా ఆయనకు బండి లేదు కదక్కా, నేను ఈలకు పెట్టుకుంటా" అని మొగుడి మెడలో వేలాడే ఈలకు బొట్టు పెట్టింది. అందరం ఒకటే నవ్వు.

దండలు ఎప్పుడు తీద్దామని ఆయన అడిగితే ఫోర్‌మన్ సోమశేఖరప్ప ఒప్పుకోలేదు. "రేపు సాయంత్రం బన్ని అయ్యేదాకా ఏదీ ముట్టుకోవద్దప్పా. మాలీకులకు ఫోటో కావల్ల."


అక్టోబర్ 2, గురువారం. దసరా

గాంధీ జయంతి, దసరా ఒకేరోజు పడినా షిఫ్టు వేశారు. రైలు వచ్చి నిలబడి ఉందట, ఖనిజం నింపాలట. ఆయన గొణుక్కుంటూ పోయాడు. దండలతోనే తోలాలట బండి.

బన్ని ఆకులు తెచ్చి తడిగుడ్డలో చుట్టి పెట్టాను. సాయంత్రం మొదట ఎర్రిస్వామి వాళ్ళకే ఇవ్వాలి. "బన్ని తగొండు బంగారదంగ ఇరోణ", బన్ని తీసుకుని బంగారంలా ఉందాం – ఈ మాట అనడం ఈ ఊరికి కోడలిగా వచ్చాకే నేర్చుకున్నా. మా సిరుగుప్ప దగ్గరి ఆంధ్రా రైతుల క్యాంపులో మేం జమ్మి అంటాం, చెట్టుకు దండం పెట్టుకుంటాం, అంతే. ఇక్కడ పోట్లాడుకున్నవాళ్ళు కూడా ఆకులు చేతిలో పెట్టుకుని కలిసిపోతారు.

...

సైరన్ మోగింది. మా క్వార్టర్ల లైన్లో అందరూ బయటికొచ్చారు.

ఎర్రిస్వామి. కాలు.

మా బండే.


అక్టోబర్ 3, శుక్రవారం

ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. బళ్లారి పెద్దాసుపత్రిలో ఉన్నాడు. హంపమ్మ అక్కడే.

ఆయన బట్టలు నానబెట్టాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. రోజూ పడేదే కదా గని దుమ్ము అనుకున్నా. చెయ్యి పెట్టి పిండాక తెలిసింది దుమ్ము కాదని. బక్కెట్టు అక్కడే వదిలేసి గుమ్మంలో కూర్చున్నా.

ఎలా జరిగిందండీ అంటే – "రాయి తీయను వెనక్కి పోయినాడు. టైరు కింద పెద్ద రాయి ఉండాది అని." అంతే. రెండు ముక్కలు. అన్నం వద్దన్నాడు.


అక్టోబర్ 4

ఫోర్‌మన్ బండిని నిన్ననే పైపు పెట్టి కడిగించాడట. దండలు, పిలకలు తీయించి, బూడిద గుమ్మడికాయ తిప్పి పగలగొట్టించాడట. దిష్టి పోవాలని. వినగానే పోనీలే, మంచి పని చేశాడు అనుకున్నాను.


అక్టోబర్ 6, సోమవారం

కుళాయి దగ్గర మాటలు. "పండగ పూట తాగి డ్యూటీకి పోయినాడంట కదా." ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అంటుంది ఆ మూలింటావిడ, బిందె నిండినా పక్కకు తీయకుండా.

ఎర్రిస్వామి తాగడు. అమావాస్యకు కోడి కోసుకున్నా ఆ జోలికి పోడు. చెప్పాను. నా మాట ఎవరికి పట్టింది? క్యాంపు పిల్ల, ఆంధ్రా పిల్ల. పెళ్ళై పన్నెండేళ్ళయినా నా 'అండీ'కి ఇప్పటికీ నవ్వుతారు.

కోపంతో రాస్తున్నా. అక్షరాలు గీతలు దాటుతున్నాయి.


అక్టోబర్ 7

విచారణ అయ్యేదాకా ఆయన్ని బండి ఎక్కొద్దన్నారు. మైన్స్ ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే చెప్పాలట. ఇంట్లోనే ఉంటున్నాడు. టీవీ పెడతాడు, చూడడు. తెరకేసి చూసి గబుక్కున కట్టేస్తాడు.


అక్టోబర్ 8, బుధవారం

క్యారియరు పట్టుకుని బళ్లారి పోయాను. జొన్నరొట్టె, గుత్తి వంకాయ, పెరుగన్నం. ఎర్రిస్వామి నిద్రలో ఉన్నాడు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా. అటు చూడకూడదు అనుకుంటూనే చూశాను.

హంపమ్మ ఏడవలేదు. "తాగినాడంటాండారంట కదక్కా లైన్లో?" అంది. ఇంత దూరం ఎలా వచ్చిందో ఆ మాట. "కాలు పోయిందంటే ఓర్చుకుంటా. ఈ మాట ఎట్ల ఓర్చుకునేది? పిల్లోల్ని స్కూల్లో అడగరా?"

ఇంకో సంగతి కూడా చెప్పింది. సైగ ఇవ్వకుండా మనిషి బండి వెనక్కి పోవడం రూలుకు విరుద్ధమట. తప్పు అతనిదే అని తేలితే వచ్చే నష్టపరిహారం రాదని ఆఫీసులో ఎవరో గుమాస్తా అన్నాడట.

"తిప్పేస్వామన్న ఉండాడు కదక్కా, చూసినాడు కదా. ఆయన చెప్తాడు" అంది.

మా ఆయన చెప్తాడు అన్నాను. ధీమాగానే అన్నాను.


అక్టోబర్ 10, శుక్రవారం

శుక్రవారం కదా, ఇల్లు కడిగి, మోటారు సైకిలు తుడిచి, ఎప్పటిలాగే లైటు మీద బొట్టు పెట్టబోయాను. ఆయన వచ్చి కుంకుమ డబ్బా లాక్కున్నాడు. లాక్కోవడమే, ఇవ్వమని అడగలేదు. లైటు మీద పడిన కాస్త కుంకుమనీ చొక్కా అంచుతో రుద్ది రుద్ది తుడిచాడు.

"బండికి పెట్టొద్దు."
"ఎందుకండీ?"
"ఒద్దన్నా కదా."

పన్నెండేళ్ళలో నా చేతిలోంచి ఏదీ అలా లాక్కోలేదు ఆ మనిషి. తెల్ల చొక్కా పాడైంది. నేను ఉతకను, ఆయనే ఉతుక్కోనీ.


అక్టోబర్ 11

ఉతికాను.


అక్టోబర్ 12, ఆదివారం

మళ్ళీ బళ్లారి. ఈరోజు ఎర్రిస్వామి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు కూడా – "వదినా, ఇగ నాకు ఒక చెప్పు చాలు. రెండోది మీ ఆయనకు ఇయ్యి." ఆ నవ్వుకు నేనేం నవ్వాలి? గడ్డం పెరిగి మరిదిలా కాదు, ముసలి తండ్రిలా ఉన్నాడు.

రాయి సంగతి నేనే ఎత్తాను. ఈల వేయకుండా ఎందుకు పోయావయ్యా అని. కాస్త కోపంగానే.

"ఈల యాడ ఇనబడతాది వదినా ఆ మోతలో. మాకు అలవాటు ఒకటి ఉండాది. కెమెరా ముందర చెయ్యి ఎత్తి నిలబడితే, టీవీలో చూసి తిప్పేస్వామి ఆపుతాడు. ఎన్నో తూర్లు అట్లనే. ఆ పొద్దూ ఎత్తినా..."

అక్కడ ఆగిపోయాడు. నా మొహం చూశాడు, గోడకేసి చూశాడు. "పాప స్కూలుకు పోతాందా?" అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు. తోరణగల్లు దాటింది, కూరెకుప్ప దాటింది. చెయ్యి ఎత్తాడు. మరి ఎందుకు ఆపలేదు? ఎన్నోసార్లు ఆపినవాడు ఆ ఒక్కసారి ఎందుకు...

సండూరు ఘాటు ఎక్కుతుంటే తట్టింది.

పసుపు దట్టంగా పులిమి, మధ్యలో కుంకుమ.


అక్టోబర్ 13, సోమవారం

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. ఈరోజు మధ్యాహ్నం ఆయన అన్నం తింటుంటే అడిగాను.

"ఆ రోజు టీవీలో ఏం కనిపించింది మీకు?"

చెయ్యి కంచంలోనే ఆగింది. తల ఎత్తలేదు.

"ఎవురు చెప్పినారు నీకు?"

అదే జవాబు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. తర్వాత అంతా చెప్పాడు, నా వైపు చూడకుండా. తెర మొత్తం పసుప్పచ్చగా ఉండిందట, మధ్యలో ఎర్రగా. ఒక పక్క అద్దానికి కట్టిన అరటి పిలక ఆకులు అడ్డం. దిగి తుడుద్దామనుకున్నాడట. పూజ చేసినది, సాయంత్రం దాకా ముట్టుకోవద్దన్నారు కదా అని తుడవలేదట. వెనక ఫోర్‌మన్ "రైలు, రైలు" అని అరుస్తున్నాడట.

"ఎర్రిస్వామి ఉండాడు కదా అనుకున్నా. వాడుంటే నాకు కండ్లతో పని లేదు ఎప్పుడూ."

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఆయన లేచి కంచం తనే కడిగాడు.


అక్టోబర్ 14

నా ఈ బొటనవేలు. ఈ ఉంగరపు వేలు.


అక్టోబర్ 15, బుధవారం

అమ్మ ఫోన్ చేసింది క్యాంపు నుంచి. వరి పొట్ట మీద ఉందట, కాలువకు నీళ్ళు సరిగ్గా వదలడం లేదట. "గొంతేంటే అలా ఉంది?" అంది. జలుబమ్మా అన్నాను.

అమ్మకు చెప్పుకోలేనిది ఇక్కడ రాసుకుంటున్నా. ఈ ఇంట్లో తెలుగు అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆయనకు మాట తెలుగు, చదువు కన్నడం. అందుకే దీన్ని దాచను. టీవీ పక్కనే పడి ఉంటుంది.

నిన్న అంతా నన్ను నేను తిట్టుకున్నా. ఈరోజు ఆలోచిస్తే... బొట్టు పెట్టింది నేను. నిజం. కానీ తుడవకుండా బండి తోలమన్నదెవరు? పండగనాడు రైలు తెచ్చి నిలబెట్టిందెవరు? తెర కనబడకపోతే బండి కదపకూడదని ఆయనకు నేర్పారు కదా, ఆయన ఎందుకు కదిపాడు? నేను ఇంట్లో అట్లు పోసేదాన్ని, నాకు ఎలా తెలుస్తుంది ఆ గాజు గుండు విలువ?

ఇలా పంచుకుంటూ పోతే అందరికీ తలా కాస్త వస్తుంది. కాలు మాత్రం ఒక్కడిదే పోయింది.


అక్టోబర్ 16, గురువారం

ఫోర్‌మన్ సోమశేఖరప్ప ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. కాఫీ ఇచ్చాను. నేను వంటింట్లోకి పోయాననుకున్నాడేమో, మెల్లగా మాట్లాడాడు; తలుపు వెనకే ఉన్నాను.

"ఇన్‌స్పెక్టరు సోమవారం కాదు, ఆ పై సోమవారం వస్తాడంట. ఒకే మాట మీద ఉండు తిప్పేస్వామి. సైగ ఇయ్యకుండా ఎనక్కి వచ్చినాడు, నేను సూల్లేదు. అంతే. మిగతాది నేను నోడ్కొంతీని, చూసుకుంటా."

ఆయన లేచి టీవీ కట్టేశాడు.

"పూజ సంగతి ఎత్తితే నీ బండే కాదప్పా, అన్ని బండ్లూ, నేనూ, పై దొరలూ అందరం వస్తాం. టెంకాయ కొట్టింది మేనేజరే కదా. మళ్ళీ నీ హెంగసు పేరూ వస్తాది. సుమ్నె ఇరు."

సుమ్నె ఇరు – నోరు మూసుకో. హెంగసు – ఆడమనిషి. నేను.

పోతూ పోతూ అన్నాడు, హంపమ్మకు క్యాంటీన్లో పని చూస్తామని. రొట్టె ముక్క చూపించినట్టు. తలుపు వేసేటప్పుడు కాస్త గట్టిగానే వేశాను.


అక్టోబర్ 17

అడిగాను. "బండి కడిగించింది దిష్టికి కాదు కదా?"

"రెండిటికీ" అన్నాడు.


అక్టోబర్ 18, శనివారం

హంపమ్మ స్నానానికి కూరెకుప్పలో అమ్మవాళ్ళింటికి పోయిన టైము చూసుకుని ఆసుపత్రికి పోయాను. స్టూలు దగ్గరకు లాక్కుని నేరుగా అడిగాను. తెలిసీ ఎందుకు చెప్పలేదు అని. నాలుగు రోజుల కిందట ఆఫీసువాళ్ళు వచ్చి అడిగితే "ఏమీ గుర్తు ల్యా" అన్నాడట.

"పెట్టమన్నది నేనే కదా వదినా."

"అది తమాషాకి అన్నావు."

"తమాషాకే. నువ్వు పెట్టింది భక్తికి. నీ మీద ఎట్ల చెప్పేది?" దిండు సర్దుకుని – "నాకెట్లా పని పోయింది. తిప్పేస్వామిక్కూడా పోతే? ఇద్దరు మొగోళ్ళం గుమ్మాల్లో కూచుని ఏం జేస్తాం, చీట్లాడతామా?"

"నువ్వు తాగావంటున్నారు."

ఆ మాట అతనికి ఇంతవరకూ తెలియదు. తెలియదని నాకు తెలియదు. మొహం మారిపోయింది. కాలు పోయిన మనిషి మొహం ఇన్నాళ్ళూ చూశాను గానీ, ఈ మొహం వేరు.

"హంపికి తెలుసా ఈ మాట?"

"తెలుసు."

చదునుగా ఉన్న వైపు దుప్పటి సరిచేశాడు. "తిప్పేస్వామి చెప్తే నేనూ చెప్తా. వాడు చెప్పకుంటే నాకు గుర్తు ల్యా. వాని నోటికి అడ్డం నేను పోను."

ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ కలిసి నన్ను కాపాడుతున్నారట. ఎవరు అడిగారు? నేనేమన్నా పింగాణీ బొమ్మనా, అటకమీద పెట్టి దాచడానికి? వీళ్ళ మంచితనం ఎవరికి పనికొస్తోంది – నాకా? హంపమ్మకా? సోమశేఖరప్పకు పనికొస్తోంది.


అక్టోబర్ 20, సోమవారం

నరక చతుర్దశి. పాపకు తలంటు పోశాను. పక్కింట్లో దీపం లేదు. వాళ్ళ గుమ్మంలో ఒకటి పెట్టి వచ్చాను. మామూలుగా అయితే సంతోషించాల్సిన పని. దొంగతనం చేసినట్టు అనిపించింది.


అక్టోబర్ 22

పాడ్యమి. టపాకాయలు వద్దంటే పాప అలిగింది. ఆయన బయటికి తీసుకుపోయి రెండు చిచ్చుబుడ్లు కొనిచ్చాడు. వెలుగులో ఆయన మొహం చూశాను. బాగా చిక్కిపోయాడు.


అక్టోబర్ 23, గురువారం

ఎర్రిస్వామిని ఇంటికి తెచ్చారు. చంకకర్రలు. ఆటో దిగి గుమ్మం దాకా రావడం లైనంతా చూస్తూ నిలబడింది, ఒక్కరూ కదల్లేదు. మా ఆయన పోయాడు. ఒక చెయ్యి నడుం చుట్టూ వేసి, మెల్లగా వెనక్కి వెనక్కి నడుస్తూ, మెట్టు చూపిస్తూ తీసుకుపోయాడు. "రా... రా... ఆగు. ఎడం పక్క రాయి ఉండాది. ఇప్పుడు రా."

ఎర్రిస్వామి అన్నాడు, "నా పని నువ్వు నేర్చుకున్నావేందప్పా."

ఆయన ఇంటికొచ్చి స్నానాల గదిలో దూరాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు. ఏడుపు వినబడకూడదని కుళాయి విప్పాడని నాకు తెలుసు. పిలవలేదు.


అక్టోబర్ 24, శుక్రవారం

సోమవారం ఇన్‌స్పెక్టరు. ఖాయం.

"ఏం చెప్తారు?"

"నువ్వు చెప్పమంటే చెప్తా."

బాగుంది. నా నెత్తిన పెట్టేశాడు. అదే అన్నాను. ఆయనకూ కోపం వచ్చింది. ఈ ఇరవై రోజుల్లో మొదటిసారి గొంతు లేచింది.

"చెప్తే ఏమవుతాదో తెలుసా నీకు? లైసెన్సు పోతాది. ఇంకే గనిలోనూ తీసుకోరు. ఈ ఇల్లు ఇడిసిపెట్టల్ల. మళ్ళీ లైన్లో ఆడోళ్ళు నిన్ను చూపిస్తారు, ఈమె బొట్టుతోనే వాని కాలు పోయిందని. పాప ఇనల్ల ఆ మాట. నాకేం, నేను గడ్డపార పట్టి మట్టి తవ్వి బతుకుతా. నువ్వు ఓర్చుకుంటావా?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నిజమే. చించుకోకపోతే లోపల కుళ్ళుతుంది, దానికి సామెత ఉందో లేదో.

ఓర్చుకుంటానా? భయంగా ఉంది. కుళాయి దగ్గర ఆ మూలింటావిడ మొహం కళ్ళ ముందు కనిపిస్తోంది. సిరుగుప్పకు పోయి అన్నయ్య ఇంట్లో తల దించుకుని ఉండడం కనిపిస్తోంది. నేను అంత గట్టిదాన్ని కాదు. రాసుకుంటున్నా కాబట్టి నిజమే రాస్తా – ఒక్క క్షణం, ఆయన చెప్పకపోతే బాగుండు అనిపించింది.

తర్వాత హంపమ్మ గుర్తొచ్చింది. "ఆయన చెప్తాడు" అని అంత నమ్మకంగా అన్న మనిషి.

"చెప్పండి" అన్నాను. ఆయనకు వినబడిందో లేదో.


అక్టోబర్ 25, శనివారం

దసరా నాటి బన్ని ఆకులు ఇంకా తడిగుడ్డలోనే చుట్టి ఉన్నాయి. గుడ్డ ఎండిపోయింది, ఆకులూ ఎండిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా ఒక పళ్ళెంలో వేసుకుని పక్కింటికి పోయాను. మా ముగ్గురికీ తెలుసు, ఆమెకు ఒక్కదానికి తెలియదు. అది నాకు పడలేదు.

ఎర్రిస్వామి నిద్రపోతున్నాడు. హంపమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. నిచ్చెన, పసుపు, కుంకుమ, తెర, చెయ్యి ఎత్తడం. అతను పెట్టమన్నాడన్న ముక్క మాత్రం చెప్పలేదు. అది అతను చెప్పుకోవాలి.

చాట ఆగలేదు. నేను చెప్పడం అయిపోయాక కూడా రెండు మెరిగలు ఏరి పారేసింది. తర్వాత అడిగింది.

"ఆ కన్ను ఎంత ఉంటాదక్కా?"

చూపించాను. బొటనవేలూ చూపుడు వేలూ కలిపి, ఇంత అని. నా వేళ్ళ మధ్య ఆ ఖాళీనే చూస్తూ ఉండిపోయింది.

"ఇంతేనా" అంది.

తిడుతుందనుకున్నా. తిట్టినా బాగుండేది. "అంటే ఆయన తాగలేదు" అంది, తనలో తనే. "చెయ్యి ఎత్తినాడు. రూలు తెలియక పోలేదు." అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళకు. చాటలోనే, బియ్యం మీదే.

పళ్ళెం ముందుకు జరిపాను. బంగారంలా ఉందాం అనే మాట నోటికి రాలేదు. ఎలా వస్తుంది?

ఆకులు తీసుకోలేదు. పళ్ళెం నా వైపు జరిపింది, విసురుగా కాదు.

"సోమవారం అయినాక ఇయ్యక్కా."


అక్టోబర్ 26

ఆయనకు చెప్పాను, హంపమ్మకు తెలుసని. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇస్త్రీ పెట్టె అలాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "కాలిపోతుందండీ" అన్నాను.


అక్టోబర్ 27, సోమవారం

కార్తీక సోమవారం. తులసి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి ఆయన మోటారు సైకిలు బయట పెట్టి, కుంకుమ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పెట్టు. గాజు మీద ఒద్దు."

ముందు మడ్‌గార్డు మీద పెట్టాను. బొట్టు వంకరగా వచ్చింది. ఏం చెప్తారని మళ్ళీ అడగాలనుకున్నా, అడగలేదు. కిక్కు కొట్టి పోయాడు.

...

మధ్యాహ్నం. హంపమ్మ వచ్చి మా మెట్టు మీద కూర్చుంది. టీ ఇచ్చాను, చల్లారిపోయింది. నేనే పళ్ళెం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. ఆకులు గాలికి ఎగరకుండా మీద చిన్న రాయి. పక్కింటి గుమ్మంలో మంచం మీద ఎర్రిస్వామి కూర్చుని రోడ్డుకేసే చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు జీపు పైకి పోవడం లైనంతా చూసింది. దిగి రావడం ఎవరూ చూడలేదు.

...

సాయంత్రం. కిటికీ దగ్గర నిలబడి రాస్తున్నా.

షిఫ్టు సైరన్ అయింది. మలుపులో మోటారు సైకిలు చప్పుడు, సైలెన్సరు పగిలిన మా బండిదే. మా ఇంటి ముందు ఆపలేదు. వాళ్ళింటి ముందు ఆపాడు. హెల్మెట్టు తీసి మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఏదో చెప్తూ చెయ్యి ఎత్తి చూపించాడు, తర్వాత రెండు వేళ్ళు కలిపి – ఇంత అని. ఎర్రిస్వామి తల వంచుకుని వింటున్నాడు. ఒక్క మాట కూడా ఇక్కడిదాకా రావడం లేదు.

హంపమ్మ మెట్టు మీద నుంచి లేవలేదు. ఆకుల మీది రాయి తీసి పక్కన పెట్టింది. ఆకులు ఎగిరిపోకుండా వాటి మీద అరచెయ్యి కప్పి, వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చుంది.